బడిపిల్లలు ప్రతిజ్ఞ చెప్పవలెనా?

ప్రతిదినము ఉదయమున గంట మ్రోగగనే మన పాఠశాల ఆవరణమున పిల్లలు వరుసలు దీరి నిలుతురు. ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక బాలుడో బాలికయో ముందునకు వచ్చి, కుడిచేయి చాచి, ప్రతిజ్ఞను ఒక్కొక్క వాక్యముగ పలుకగా తక్కినవారందరు ఆ వాక్యమునే తిరిగి పలుకుదురు. ఇదంతయు రెండు నిమిషముల పని. ఐనను ఈ రెండు నిమిషములను గూర్చి తల్లిదండ్రులు మమ్ము తరచుగ అడుగుచున్న ప్రశ్నలు చిన్నవి కావు.

అర్థమెరుగని పసివారిచేత దేశమునకు మాట యిప్పించుట తగునా యని కొందరు అడుగుచున్నారు. మనము కర్ణాటకమున నివసించు తెలుగువారము గదా, ప్రతిజ్ఞను తెలుగున చెప్పించినచో చూచువారు వేరుగ తలతురేమో, కన్నడమున మాత్రమే చెప్పించుట మేలు కాదా యని మరికొందరు. ఏ బిడ్డయైన చెప్పనని మౌనముగ నిలిచినచో ఆ నింద పాఠశాలకంతకు రాదా యని ఇంకను కొందరు. ఈ మూడు ప్రశ్నలకును మాకు తోచిన సమాధానమును ఈ వార్షిక సంచికయందు వివరముగ వ్రాయుట మా ధర్మమని తలచితిమి.

ప్రతిజ్ఞ ఎచ్చట పుట్టినది?

ముందుగ ఒక సంగతి మన పిల్లలకును, వారికంటె ముందు మనకును తెలియవలెను. నేడు భారతదేశమందలి బడులలో నానాభాషలయందు చదువబడుచున్న ఈ ప్రతిజ్ఞ మొట్టమొదట వ్రాయబడినది తెలుగులో. వ్రాసినవారు మంత్రి కారు, నాయకులు కారు. నల్లగొండ జిల్లా అన్నేపర్తి గ్రామమున 1916లో జన్మించిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. వారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున ఖజానా శాఖ ఉద్యోగి. విశాఖపట్నమున జిల్లా ఖజానా అధికారిగ పనిచేయుచుండిన కాలమున, 1962వ సంవత్సరమందు, దీనిని రచించిరి. తెన్నేటి విశ్వనాథము గారి మూలమున అది నాటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి.రాజు గారి చేతికి చేరెను. 1963లో విశాఖపట్నమున పాఠశాల పిల్లలు దానిని మొదటిసారి పలికిరి.

మరుసటి సంవత్సరము జరిగిన సంగతి మనకు మరింత దగ్గరిది. 1964లో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశము మన రాష్ట్ర రాజధానియగు బెంగళూరునందే జరిగెను. నాటి కేంద్ర విద్యామంత్రి ఎం.సి.చాగ్లా గారు దానికి అధ్యక్షులు. బడిపిల్లలు ప్రతిజ్ఞ చెప్పవలెనని ఆ సమావేశము నిర్ణయింపగా, 1965 జనవరి 26వ తేది మొదలు అది దేశమంతట అమలునకు వచ్చెను. తెలుగున పుట్టి, కన్నడదేశమున ఆమోదము పొంది, సర్వభాషలకును సొత్తైనది ఈ ప్రతిజ్ఞ. ఇరుభాషల సరిహద్దున నున్న హొసకోటవారమగు మనకు ఇంతకంటె తగిన చరిత్ర మరేమి కావలయును?

ఇంకొక ముచ్చట. పాఠ్యపుస్తకములలో ప్రతిజ్ఞ అచ్చగుచున్నను చాలకాలము రచయిత పేరు మాత్రము అచ్చు కాలేదు. తాను వ్రాసిన మాటలు దేశమంతట చదువబడుచున్నవని సుబ్బారావు గారికే తెలియదనియు, ఒకనాడు మనుమరాలు పాఠ్యపుస్తకము తెరచి చదువుచుండగా విని తెలిసికొనిరనియు చెప్పుదురు. వారు 1988లో పరమపదించిరి. పేరు కోరక చేసిన సేవకు ఇది యొక నిదర్శనము. పిల్లలకు ప్రతిజ్ఞ నేర్పునపుడు ఈ కథయు చెప్పుడని ఉపాధ్యాయులను కోరుచున్నాము.

అందు ఏమున్నది? ఏమి లేదు?

ప్రతిజ్ఞలోని భావములను ఒకమారు తరచి చూతము. భారతదేశము తన దేశమని బిడ్డ చెప్పును. భారతీయులందరును తన సహోదరులని చెప్పును. దేశమును ప్రేమింతుననియు, బహువిధములైన దాని వారసత్వమునకు గర్వింతుననియు, దానికి తగినవానిగ నుండుటకు పాటుపడుదుననియు చెప్పును. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, పెద్దలను గౌరవించుట, ప్రతివారితోను మర్యాదగ నడచుకొనుట కూడ ఆ మాటలో చేరియున్నవి. తెలుగు పాఠమున నోరులేని జంతువులయెడ దయ సైతము చేరియున్నది. దేశముయొక్కయు ప్రజలయొక్కయు మేలే తన సంతోషమునకు మూలమని చెప్పి బిడ్డ ముగించును.

లేనివాటిని గూడ గమనింపవలెను. ఇందు ఏ ప్రభువు పేరును లేదు. ఏ మతము పేరును లేదు. ఏ పక్షము పేరును లేదు. ఏ యొక్క భాష పేరును లేదు. వారసత్వము ఒక్కటే యనక బహువిధమైనదని చెప్పుటలోనే మనవంటి భాషాల్పసంఖ్యాకులకును చోటు దొరకినది. ఇంట తెలుగు మాటలాడి, అంగడిలో రెండు భాషలును మాటలాడి, తాలూకా కచేరిలో కన్నడమున అర్జీ వ్రాయు మన బిడ్డ ఈ వాక్యమును ఏ సంకోచమును లేక పలుకవచ్చును. ఈ కారణముచేతనే బడిపిల్లలు దీనిని చెప్పుట మంచిదని మేము తలచుచున్నాము. ఐతే ఏ విధముగ చెప్పుట మంచిదో దానిని గూర్చి మరికొంత ఆలోచింపవలసియున్నది.

అర్థము లేని పలుకు

మొదటి ప్రశ్నలో న్యాయమున్నది. దానిని మేము కొట్టివేయజాలము. ఒకనాడు మూడవ తరగతి బాలుని పిలిచి ప్రతిజ్ఞ చెప్పుమనగా, ఊపిరి తీయకుండ మొదటినుండి తుదివరకు అప్పగించెను. "శ్రేయోభివృద్ధి యనగా నేమి నాయనా?" అని అడుగగా, కొంతసేపు ఆలోచించి, "అది చివర వచ్చుమాట సార్" అనెను. అందరమును నవ్వితిమి. ఇంటికి పోవునపుడు మాత్రము, తప్పు బాలునిది కాదు, మనదే గదా యని తోచినది.

మాట యిచ్చుట యనగా మన సంప్రదాయమున చిన్న సంగతి కాదు. హరిశ్చంద్రుని కథ వినని తెలుగు ఇల్లు లేదు. ఆ మహారాజు మాట కొరకు రాజ్యమును, ఆలుబిడ్డలను, తుదకు తన్నును విడిచెను. ఆ కథ చెప్పిన నోటితోనే అర్థమెరుగని మాటను బిడ్డచేత దినదినము ఇప్పించినచో, మాట యనునది గాలికి పోవునది యని మనమే నేర్పినట్లగును. దేశభక్తికి ఇంతకంటె హాని లేదు.

ఐనను, పసితనమున అర్థము పూర్తిగ తెలియదను కారణమున దానిని మానిపింపవలెననుటయు సరికాదు. ఎక్కము, పద్యము, స్తోత్రము, ఇవన్నియు ముందు నోటికి వచ్చి, వయసుతో కూడ మనసునకు వచ్చినవే. అట్లు మనసునకు చేరుటకు ఎవరో ఒకరు మెట్టు మెట్టుగ ఎక్కింపవలెను. వారమునకొక వాక్యము చొప్పున ఉపాధ్యాయులు దీనిని వివరింపవచ్చును. వారసత్వమనగా నేమి? మన పావగడ కొండమీది కోట, పెనుగొండ శిథిలములు, అవ్వ చెప్పు సామెత, మగ్గముపై తాత నేసిన పట్టుచీర, ప్రక్కయింటివారి కన్నడ పాట, ఇవన్నియు వారసత్వమే. సేవ యనగా నేమి? బడి తొట్టికి నీరు పోయుట, వెనుకబడిన తోటివానికి లెక్క చెప్పుట. ఈ విధముగ చెప్పినచో మూడవ తరగతి బిడ్డకు సైతము అర్థము కాని వాక్యము ఇందు ఒక్కటియు లేదు.

ఏ భాషలో చెప్పవలెను?

రెండవ ప్రశ్న మన సంఘమునకు ఆయువుపట్టు వంటిది. దానిని అడిగినవారి మనసులోని భయము మాకు తెలియును. మన తాలూకాకు దాదాపు మూడు ప్రక్కల ఆంధ్రప్రదేశమే. పాత మైసూరు సంస్థానమున పావగడ, నాటి మదరాసు రాజధానిలో మడకశిర, పెనుగొండ. గీత అటునిటు పడినదేగాని ఆ గీత వెంబడి భాషలు నడువలేదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడును, 1956లో రాష్ట్రములు భాషను బట్టి పునర్వ్యవస్థీకరింపబడినపుడును, ఏ గీత గీసినను కొందరు అటును కొందరు ఇటును మిగులుట తప్పలేదు. మనము ఇటు మిగిలినవారము. అటు మిగిలిన కన్నడిగులును కలరు.

ఈ సంగతి రాజ్యాంగమునకు తెలియును. 1956 నాటి ఏడవ సవరణముచే చేరిన 350ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలిగింపుమని రాష్ట్రములను కోరుచున్నది. 30వ అధికరణము మన విద్యాసంస్థలను మనమే స్థాపించి నడుపుకొను హక్కును ఇచ్చినది. అల్పసంఖ్యాకు లెవరను సంగతిని రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని 2002లో సుప్రీంకోర్టు టి.ఎం.ఏ.పాయ్ సంస్థ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కావున మన వీధిలో తెలుగు ఎంత వినబడినను, కర్ణాటకమున మనము భాషాల్పసంఖ్యాకులమే. మన పాఠశాలకు గల హక్కు ఆ లెక్కమీదనే నిలిచియున్నది.

ఈ హక్కును గౌరవింపని కాలములు లోకమున వచ్చినవి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే, 1919లో, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రము, ఎనిమిదవ తరగతి ముగియనిదే పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరే భాషను నేర్పరాదని శాసించెను. ఆ రాష్ట్రమున జర్మను మాటలాడువారు విస్తారముగ నుండిరి. దేశభక్తి పేరుననే ఆ శాసనము వచ్చినది. పదియేండ్ల బిడ్డకు జర్మను చదువు చెప్పిన రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయునికి జరిమానా పడెను. 1923లో అచ్చటి సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, ఉపాధ్యాయునికి బోధించు హక్కును, తల్లిదండ్రులకు బిడ్డ చదువును నిర్ణయించు హక్కును కలవని చెప్పెను. మాతృభాష పలికినంత మాత్రమున దేశభక్తి తగ్గదు. ఆ మాటను ఇతరులు మరచినను మనము మరువరాదు.

కావున మా అభిప్రాయ మిది. ప్రతిజ్ఞను మన బిడ్డలు మొదట తెలుగున నేర్వవలెను, ఏలయన మాట యిచ్చువాడు తనకు తెలిసిన భాషలో ఈయవలెను. పిమ్మట కన్నడమునను నేర్వవలెను. వారమున కొన్ని దినములు తెలుగున, కొన్ని దినములు కన్నడమున చెప్పవలెను. కన్నడమున చెప్పుట ఎవరిని మెప్పించుటకో కాదు. మన నీరు, మన కూడు ఈ నేలవి. ఈ నేల భాష మనకు పరాయిది కాదు. విజయనగర ప్రభువులు రెండు భాషల కవులను ఆదరించిరి. ఆ సామ్రాజ్యమునకు చివరికాలమున రాజధానియైన పెనుగొండ మనకు దూరపు ఊరేమియు కాదు. భయముచేత తెలుగును మానుటయు తప్పే. బిగువుచేత కన్నడమును మానుటయు తప్పే.

చెప్పనన్న బిడ్డ

ఇక మూడవ ప్రశ్న. ఇది అన్నిటికంటె కఠినమైనది. ఎన్నడో ఒకనాడు ఒక బిడ్డ, ఇంటి విశ్వాసమువలననో, తన మనసులోని మరే కారణమువలననో, ప్రతిజ్ఞ చెప్పక ఊరకే నిలిచినదనుకొందము. ఏమి చేయవలెను?

ఇట్టి సంకటము మన ప్రక్క రాష్ట్రమగు కేరళమున వచ్చినది. అది ప్రతిజ్ఞను గూర్చినది కాదు, జాతీయగీతమును గూర్చినది. ఐనను న్యాయము దాదాపు ఒక్కటే. యెహోవా సాక్షులను క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు, గీతము పాడునపుడు గౌరవముగ లేచి నిలుచుచుండిరి గాని, తమ విశ్వాసము అంగీకరింపదని పాడకుండిరి. 1985 జూలైలో వారిని బడినుండి తొలగించిరి. ఆ బిడ్డలు గీతమునెడ ఎట్టి అగౌరవమును చూపలేదని విచారణ జరిపినవారే చెప్పినను, తొలగింపు ఆగలేదు. హైకోర్టులోను వారికి ఊరట కలుగలేదు. తుదకు 1986 ఆగస్టు 11వ తేదిన సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పి, తిరిగి బడిలో చేర్చుకొమ్మని ఆజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఓ.చిన్నప్పరెడ్డి గారు, మన తెలుగువారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు. గీతము పాడి తీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదనియు, గౌరవముగ నిలిచిన బిడ్డ గీతమును అవమానించినట్లు కాదనియు, వాక్స్వాతంత్ర్యమందు మౌనముగ నుండు స్వాతంత్ర్యమును చేరియున్నదనియు వారు నిర్ణయించిరి. సహనమే మన సంప్రదాయమని ఆ తీర్పు చివర గుర్తుచేసిరి.

ప్రతిజ్ఞ విషయమున చట్టపు నిర్బంధము ఇంకను తక్కువ. జాతీయ చిహ్నముల అవమాన నిరోధమునకై 1971లో చేసిన శాసనమున పతాకము, రాజ్యాంగము, జాతీయగీతము కలవుగాని ప్రతిజ్ఞ ప్రస్తావనయే లేదు. 1976లో రాజ్యాంగమున చేరిన పౌరధర్మములలో రాజ్యాంగమును, పతాకమును, గీతమును గౌరవింపవలెనని యున్నది. అందును ప్రతిజ్ఞ మాట లేదు.

అమెరికా చరిత్ర మరియొక పాఠము చెప్పుచున్నది. అచ్చటి పతాక ప్రతిజ్ఞ 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ అను ఆయన రచించినది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారి పిల్లలును నేడు బడులలో దానిని చెప్పుచున్నారు. పతాకమునకు వందనము చేయనన్న బిడ్డలను బడినుండి తొలగించుట తప్పుకాదని అచ్చటి సుప్రీంకోర్టు 1940లో చెప్పెను. ఆ వెనుక యెహోవా సాక్షులపై అనేకచోట్ల దాడులు జరిగినవి. మూడేండ్లకే, 1943లో, ప్రపంచయుద్ధము జరుగుచుండగనే, అదే న్యాయస్థానము తన మాటను తానే త్రోసిపుచ్చి, బిడ్డలను బలవంతపెట్టరాదని తీర్పు చెప్పెను. బలవంతముగ కూర్చిన ఏకాభిప్రాయము శ్మశానమందలి ఏకాభిప్రాయము వంటిదని న్యాయమూర్తి జాక్సన్ హెచ్చరించిరి. ఆ దేశపు పిల్లలలో అత్యధికులు తరువాతను ప్రతిజ్ఞ చెప్పుచునే యున్నారు. బలవంతము పోయినంత మాత్రమున భక్తి పోలేదు.

"అట్టి బిడ్డను విడిచిపెట్టినచో మన పాఠశాలను వేలెత్తి చూపరా?" అని ఒక తండ్రిగారు మమ్ము అడిగిరి. చూపవచ్చును. ఆ భయము మాకును లేకపోలేదు. కాని ఆలోచింపుడు: ఎక్కువమంది మాట కొద్దిమందిపై రుద్దరాదను న్యాయము మీదనే మన పాఠశాల నిలిచియున్నది. మనకు కావలసినపుడు ఆ న్యాయమును చేతబట్టి, మనలోని ఒక బిడ్డకు కావలసినపుడు దానిని దాచుట ధర్మమా? అల్పసంఖ్యాకులలో అల్పసంఖ్యాకుడగు ఆ ఒక్క బిడ్డను మనమే కాపాడనిచో, మనలను కాపాడుమని ఇతరులను ఏ ముఖముతో అడుగుదుము?

కావున ప్రతిజ్ఞ చెప్పనను బిడ్డ సభామర్యాద పాటించి, తక్కినవారికి అడ్డురాక, నిటారుగ నిలిచిన చాలును. అట్టి బిడ్డను దండించుట, ఎండలో నిలుపుట, తోటివారి యెదుట ప్రశ్నించుట కూడదు. కారణము తెలిసికొనవలసియున్నచో ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రులతో ఏకాంతముగ మాటలాడవలెను. ఇదే మా అభిప్రాయము.

ఇంటివద్ద ప్రతిజ్ఞ

తల్లిదండ్రులారా, చివరగ ఒక మనవి. బడిలో రెండు నిమిషములు చెప్పు ప్రతిజ్ఞను ఇంట మిగిలిన కాలమంతయు నిలుపవచ్చును, చెరుపవచ్చును. భారతీయులందరు సహోదరులని ఉదయమున పలికివచ్చిన బిడ్డ, సాయంకాలము మన నోట ప్రక్కవీధివారి భాషను, కులమును, మతమును తూలనాడు మాట వినినచో, రెండింటిలో ఏది నిజమని నమ్మును? పెద్దలను గౌరవింతునని చెప్పిన బిడ్డ, ముసలి తల్లిని మనము విసుగుకొనుట చూచినచో ఏమి నేర్చును? ప్రతిజ్ఞ చెప్పువాడు బిడ్డ. దానికి సాక్ష్యము పలుకవలసినవారము మనము.

మన యూరి నేతగాండ్రకు తెలిసిన సంగతి యొకటి గలదు. పడుగు ఎంత బిగువుగ నున్నను పేక లేనిదే చీర కాదు. మరీ బిగించినచో పోగు తెగును. దేశమును గూర్చిన మాట పడుగు వంటిది, దినదినము ఇంటను బడిలోను నడచుకొను నడవడి పేక వంటిది. బిడ్డలచేత మాట చెప్పింతము. అర్థము తెలిపి చెప్పింతము. తెలుగునను కన్నడమునను చెప్పింతము. చెప్పజాలని బిడ్డను ప్రేమతో చేరదీయుదము. అంతకుమించి ఆ మాటను మన నడవడిలో చూపుదము. ఈ విషయమున తల్లిదండ్రులు తమ అభిప్రాయములను నిస్సంకోచముగ మాకు తెలుపుదురుగాక యని కోరుచున్నాము.